క్యాసెట్లలోని పుష్కరాలు నాన్నగారి డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. 2004 కృష్ణా పుష్కరాలకు విజయవాడ వెళ్లినప్పుడు, ఆ తర్వాత ఇంట్లో జరిగిన పెళ్లిళ్లకి, అన్నప్రాసనలకి మా బావగారు తన సోనీ హ్యాండీక్యామ్‌తో వీడియోలు తీశారు. మొత్తం 14 మినీ డీవీ క్యాసెట్లు. కెమెరా ఇప్పటికీ పనిచేస్తోంది. మా నాన్నగారికి 79 ఏళ్లు. టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్ తప్ప ఆయనకి ఇంకేదీ అలవాటు లేదు, పెన్‌డ్రైవ్ అంటేనే చికాకు. పక్కింటి అబ్బాయి కెమెరాకి యూఎస్‌బీ కేబుల్ పెట్టి, వీడియోలు ఎంపీ4 ఫైళ్లుగా తీసుకుని డిస్క్‌లో వేసిచ్చాడు. కంప్యూటర్‌లో ఆడుతోంది గానీ ప్లేయర్‌లో పెడితే ‘డిస్క్ ఎర్రర్’ అంటోంది. బొమ్మ కూడా బాగా మసకగా ఉంది. తర్వాత ఒక క్యాసెట్ షాపులో ఇచ్చి డీవీడీ చేయించాం. అది ప్లేయర్‌లో ఆడుతోంది, కానీ మనుషులు నడుస్తుంటే బొమ్మ వణుకుతోంది. పావుగంట దాటాక మాటకీ, పెదవులకీ పొంతన ఉండటం లేదు. షాపతను “మా సిస్టమ్‌లో బాగానే ఉందండీ” అంటున్నాడు. ఏం చేయమంటారు? డిస్కులు అయిపోయాక క్యాసెట్లు పారేయొచ్చా? అమెరికాలో ఉన్న మా చెల్లికి కూడా ఒక సెట్ పంపాలి.
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఇది చదవడం ఇక్కడే ఆపి ముందు ఒక పని చేయండి. 14 క్యాసెట్లూ బయటికి తీయండి. ప్రతి క్యాసెట్ వెనక అంచున గోటితో జరిపేంత చిన్న మీట ఉంటుంది. దాన్ని ‘సేవ్’ అని రాసి ఉన్న వైపుకి జరపండి. ఇక ఎవరైనా పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా ఆ క్యాసెట్ మీద కొత్తగా రికార్డు కాదు. ఇన్ని చేతులు మారబోతున్న క్యాసెట్లకి ఇది తప్పనిసరి.

ఇప్పుడు మీ రెండు డిస్కుల సంగతి. రెండిటి జబ్బులూ వేరు.

పక్కింటి అబ్బాయి ఇచ్చింది నిజానికి డీవీడీ వీడియో కాదు. డీవీడీ మీద వేసిన కంప్యూటర్ ఫైళ్లు. పంచదార డబ్బాలో ఉప్పు పోసినట్టు, పైన పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి. టీవీ కింద పెట్టుకునే ప్లేయర్‌కి డిస్క్‌లో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ కావాలి. అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే ఫైళ్లు ఉండాలి. బొమ్మ ఎంపెగ్2 పద్ధతిలో, మన దేశపు టీవీ పద్ధతి అయిన ‘పాల్’ లెక్క ప్రకారం 720 బై 576 సైజులో, సెకనుకి 25 ఫ్రేములతో ఉండాలి. ధ్వని 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. ఇందులో ఏది తేడా వచ్చినా పాత ప్లేయర్ మొహం తిప్పేస్తుంది. కొన్ని ప్లేయర్ల ముందు భాగంలో డివ్‌ఎక్స్ గుర్తు ఉంటుంది, అవి కొన్ని రకాల ఏవీఐ ఫైళ్లని కూడా ఆడిస్తాయి. కానీ ఈమధ్యవాళ్లు చేసే ఎంపీ4 వాటికి కూడా మింగుడు పడదు.

బొమ్మ మసకగా ఉండటానికి కారణం ఆ యూఎస్‌బీ కేబులే. మినీ డీవీ కెమెరాల్లో చాలావాటికి యూఎస్‌బీ ఇచ్చింది మెమరీ కార్డులోని ఫొటోలు తీసుకోవడానికి, లేదంటే వెబ్‌క్యామ్‌లా వాడుకోవడానికి. క్యాసెట్‌లోని వీడియో ఆ దారిలో వస్తే చిన్న బొమ్మగా, చిక్కిపోయి వస్తుంది. ఆ ఎంపీ4 మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ చూడండి. 320 బై 240 అని కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ఆ ఫైళ్లని ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌తో డీవీడీగా మార్చినా పోయిన వివరం తిరిగి రాదు. వాటిని వదిలేయండి. అబ్బాయిని ఏమీ అనకండి, కెమెరాకి యూఎస్‌బీ రంధ్రం కనిపిస్తే ఎవరైనా అదే పెడతారు.

షాపు డిస్క్ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. షాపతను అబద్ధం ఆడటం లేదు, అతని సిస్టమ్‌లో నిజంగానే బాగుండి ఉంటుంది. ఎందుకో చెబుతాను.

ఈ కెమెరాలు ఒక్కో ఫ్రేమునీ రెండు విడతలుగా తీస్తాయి. సరి గీతలన్నీ ఒక విడత, బేసి గీతలన్నీ ఇంకో విడత. వీటినే ఫీల్డులు అంటారు. 25 ఫ్రేములంటే సెకనుకి 50 ఫీల్డులు. మినీ డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. డీవీడీ తయారు చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ‘పై ఫీల్డు ముందు’ అని పెడితే ప్రతి కదలికా ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి వెళ్తుంది. కదలని బొమ్మలో తేడా తెలియదు. దుర్గగుడి గోపురం చూపించినంతసేపు బ్రహ్మాండంగా ఉంటుంది. ఘాట్ మెట్ల మీద జనం దిగడం మొదలుకాగానే వణుకు మొదలవుతుంది. కంప్యూటర్‌లో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా రెండు ఫీల్డులనీ కలిపేసి చూపిస్తుంది కాబట్టి అక్కడ ఈ వణుకు బయటపడదు, టీవీలోనే బయటపడుతుంది. అందుకే డిస్క్‌ని షాపులో టీవీకి పెట్టిన ప్లేయర్‌లో, మనుషులు నడిచే చోట చూడాలి. మళ్లీ షాపుకి వెళ్తే “ఫీల్డ్ ఆర్డర్ బాటమ్ ఫస్ట్ పెట్టి మళ్లీ చేయండి” అని ఈ మాటలే చెప్పండి. పనితెలిసినవాడైతే వెంటనే అర్థం చేసుకుంటాడు. అర్థం కాకపోతే షాపు మార్చండి.

మాట, పెదవులు విడిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, చాలా హ్యాండీక్యామ్‌లలో ఆడియో 12 బిట్ అని సెట్ అయి ఉంటుంది. అంటే 32 కిలోహెర్ట్జ్. డీవీడీకి 48 కావాలి. మార్చేటప్పుడు సరిగ్గా మార్చకపోతే నిమిషాలు గడిచేకొద్దీ ధ్వని జరిగిపోతుంది. రెండు, క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు సిస్టమ్ అందుకోలేక మధ్యలో కొన్ని ఫ్రేములు వదిలేసి ఉండొచ్చు. బొమ్మ తగ్గుతుంది, ధ్వని మాత్రం పూర్తిగా ఉంటుంది, దాంతో తాళం తప్పుతుంది. మీది పావుగంట తర్వాత మొదలైందంటున్నారు కాబట్టి రెండూ సాధ్యమే. మొదటి నుంచీ మెల్లగా పెరుగుతూ వస్తే మొదటిదాని మీద అనుమానం. అప్పటిదాకా సరిగ్గా ఉండి ఒక్కసారిగా తప్పితే రెండోది.

ఇక అసలు పద్ధతి. ఇందులో విలువైనది డిస్క్ కాదు, క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. అది ఒక్కసారి శుభ్రంగా జరిగితే డిస్కులు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు. అది చెడితే పైన ఎంత హడావుడి చేసినా వృథా.

మినీ డీవీ క్యాసెట్‌లో ఉన్నది అప్పటికే డిజిటల్. దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకునే దారి ఫైర్‌వైర్, సోనీవాళ్లు ఐలింక్ అంటారు. కెమెరా పక్కన మూత తీస్తే ‘డీవీ’ అని రాసి, నాలుగు పిన్నుల చిన్న రంధ్రం ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది కెమెరా కూర్చోబెట్టే స్టాండుకి ఉంటుంది, బావగారి దగ్గర ఆ స్టాండు ఉందేమో అడగండి. రెండో కొన కంప్యూటర్‌కి. ఇక్కడే చిక్కు. ఇప్పటి లాప్‌టాప్‌లకి ఫైర్‌వైర్ లేదు. 2005–2010 నాటి లాప్‌టాప్‌లు చాలావాటికి ఉండేది, బంధువుల ఇళ్లలో అటక మీద ఒకటైనా దొరుకుతుంది. డెస్క్‌టాప్ ఉంటే ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఒక కొనకి ఫైర్‌వైర్, ఇంకో కొనకి యూఎస్‌బీ ఉన్న చవక కేబుళ్లు కనిపిస్తాయి. కొనకండి. అవి ఈ పనికి పనికిరావు, పిన్నులు కలిసినంత మాత్రాన రెండు పద్ధతులూ మాట్లాడుకోవు.

కేబుల్ పెట్టే ముందు కెమెరా ఆపేయండి. కంప్యూటర్ వైపు ఆరు పిన్నుల ప్లగ్గులో కరెంటు కూడా వస్తుంది. దాన్ని తిరగేసి బలవంతంగా దూరిస్తే కెమెరాలోని డీవీ పోర్టు మాడిపోతుంది. ఇరవై ఏళ్ల నాటి కెమెరాకి ఆ పోర్టు మళ్లీ వేయించడం మన ఊళ్లో జరిగే పని కాదు.

కెమెరాని అడాప్టర్ మీద నడపండి, బ్యాటరీ మీద వద్దు. ఒక్కో క్యాసెట్‌నీ ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేప్ బిగుతు దాంతో సమం అవుతుంది. తర్వాత విన్‌డీవీ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, క్యాప్చర్ నొక్కి కెమెరాలో ప్లే చేయడమే. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, దీనికి దొడ్డిదారి లేదు. గంటకి సుమారు 13 జీబీ అవుతుంది. మీ 14 క్యాసెట్లకి 200 జీబీ లోపే, 500 జీబీ హార్డ్ డిస్క్ ధారాళంగా సరిపోతుంది. వదిలేసిన ఫ్రేముల లెక్క తెర మీద కనిపిస్తుంది. అది సున్నా ఉండాలి. పెరుగుతుంటే మిగతా ప్రోగ్రాములన్నీ మూసి, యాంటీవైరస్ స్కాన్ ఆపి మళ్లీ ఎక్కించండి. మధ్యలో బొమ్మ మీద చదరపు గళ్లు వస్తే కెమెరా హెడ్, అంటే టేప్‌ని చదివే భాగం, మురికి పట్టిందని. క్లీనింగ్ క్యాసెట్ ఒక పది సెకన్లు ఆడిస్తే చాలు, ఎక్కువసేపు ఆడిస్తే హెడ్ అరిగిపోతుంది.

మన ప్రాంతంలో రెండు విషయాలు అదనంగా చూసుకోవాలి. మొదటిది తేమ. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే నల్లటి టేప్ చుట్ట అంచున తెల్లగా పిండి చల్లినట్టు ఉందా? ఉంటే బూజు. దాన్ని కెమెరాలో పెట్టొద్దు. ఆ బూజు హెడ్ డ్రమ్‌కి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి పక్కన కట్టి, టేప్ శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. దూదితో మీరు తుడవబోకండి. రెండోది ఏసీ. చల్లటి గదిలో ఉన్న కెమెరాని ఉక్కగా ఉన్న వసారాలోకి తెస్తే లోపల చెమ్మ పడుతుంది. తడి డ్రమ్‌కి టేప్ అతుక్కుంటే తెగే ప్రమాదం ఉంది. అందుకే కెమెరా నీటిబొట్టు గుర్తు చూపించి మొరాయిస్తుంది. అప్పుడు క్యాసెట్ తీసేసి, మూత తెరిచి, ఒక గంట అలా వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టడం లాంటి తెలివితేటలు వద్దు.

ఫైర్‌వైర్ దారి ఎలాగూ కుదరకపోతే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబుల్‌తో క్యాప్చర్ పరికరంలోకి తెచ్చుకోవచ్చు. కొంచెం నాణ్యత పోతుంది, కానీ యూఎస్‌బీ బొమ్మ కంటే ఎంతో నయం.

ఇంతా మీరే చేసుకోలేమనుకుంటే పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే పాత స్టూడియోలని వెతకండి. గుంటూరులో అయినా విజయవాడలో అయినా, మినీ డీవీ రోజుల్లో పెళ్లిళ్లు తీసినవాళ్ల దగ్గర ఆ కేబుల్, ఆ కార్డు ఇంకా ఉంటాయి. కానీ ఇచ్చే ముందు రెండు మాటలు ఖరాఖండీగా చెప్పాలి. ఒకటి, డిస్కులతో సరిపెట్టకుండా, క్యాసెట్ నుంచి ఉన్నది ఉన్నట్టు ఎక్కించిన డీవీ ఏవీఐ ఫైళ్లు మీ హార్డ్ డిస్క్‌లో వేసి ఇవ్వాలి. రెండు, పాటలు కలపకూడదు.

ఈ రెండోదాని గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను. మన మిక్సింగ్ వాళ్లకి మాటలు, గోల వినిపిస్తే చెయ్యి ఊరుకోదు. పుష్కరాలు అనగానే ఒక భక్తి పాట, పెళ్లి అనగానే సన్నాయి, అన్నప్రాసన అనగానే ఏదో లాలిపాట వేసి అసలు ధ్వని తీసేస్తారు. మీ క్యాసెట్‌లో ఘాట్ మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు చదవడం, “ఒరేయ్, చెయ్యి వదలకు” అని ఎవరో అరవడం, కెమెరా వెనక బావగారు గొణుక్కోవడం ఉంటాయి. నాన్నగారు చూడాలనుకునేది అదే. 2004లో ఉండి ఇప్పుడు లేనివాళ్ల గొంతు ఆ టేపుల్లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. పాట ఎప్పుడైనా వినొచ్చు. అలాగే కెమెరా ఆపడం మరచిపోయి నేల మీద చెప్పులు కనిపించే మూడు నిమిషాల ముక్క ఉంటే దాన్నీ కోయించకండి. బొమ్మ పనికిరాకపోయినా వెనక మాటలు వినండి, చాలాసార్లు అసలు కబుర్లన్నీ అక్కడే ఉంటాయి. గులాబీ పూలు రాలే టైటిళ్లు, పేజీ తిరిగే ఎఫెక్టులు మీ ఇష్టం. నాకైతే అక్కర్లేదు.

ఏవీఐ చేతికొచ్చాక డిస్క్ తేలికే. డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకుని పాల్ ఎంచుకోండి. తెర నిష్పత్తి 4:3 పెట్టండి, కెమెరాని వైడ్‌లో పెట్టి తీసి ఉంటే తప్ప. లేకపోతే బంధువులందరూ అడ్డంగా లావెక్కుతారు, ఫిర్యాదులు మీకొస్తాయి. మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. ఒక గంట క్యాసెట్‌కి ఒక డిస్క్ అనుకుంటే వీడియోకి సెకనుకి 8 మెగాబిట్లు ఇవ్వొచ్చు, ఏసీ3 పద్ధతిలో కుదించిన ఆడియోతో కలిపి 3.7 జీబీ అవుతుంది. ప్రమాణం ప్రకారం వీడియో 9.8 దాకా పోవచ్చు గానీ ఇంట్లో రైట్ చేసిన డిస్క్‌ని అంత వేగంగా చదవడానికి పాత ప్లేయర్లు తడబడతాయి. రెండు క్యాసెట్లు ఒకే డిస్క్‌లో ఇరికించాలంటే 4.6కి దిగాలి. అప్పుడు నదిలో నీళ్లు, జనం గుంపు ఉన్న చోట బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. పుష్కరాల క్యాసెట్‌లో ఉన్నదంతా నీళ్లు, జనమే కదా. డిస్క్ ఖర్చు చూసుకోకండి.

మెనూ పెట్టకండి. డిస్క్ వేయగానే నేరుగా వీడియో మొదలయ్యేలా చేయండి. బాణం గుర్తులతో మెనూలో తిరగడం నాన్నగారికి చికాకు. అయిదు నిమిషాలకొక చాప్టర్ పెడితే రిమోట్‌లో నెక్స్ట్ బటన్ ఒక్కటి తెలిస్తే చాలు.

ఖాళీ డిస్క్ డీవీడీ మైనస్ ఆర్ తీసుకోండి. ప్లస్ ఆర్ కంటే పాత ప్లేయర్లు దీన్ని ఎక్కువగా ఒప్పుకుంటాయి. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ వద్దు, దాని మీద వెలుతురు తక్కువగా తిరిగొస్తుంది, పాత లెన్సు చదవలేదు. 16ఎక్స్ అని డిస్క్ మీద ఉన్నా 4ఎక్స్‌లోనో 8ఎక్స్‌లోనో రైట్ చేయండి. చివర్లో ఫైనలైజ్ చేయడం, అంటే రాయడం ముగించి డిస్క్‌ని మూసేయడం, మరవొద్దు, ఫైనలైజ్ కాని డిస్క్‌ని ప్లేయర్ ఖాళీ డిస్క్ అనుకుంటుంది. పైన కాగితం స్టిక్కర్ అతికిస్తే డిస్క్ తిరిగేటప్పుడు ఊగుతుంది, మెత్తటి మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ‘పుష్కరాలు 2004’ అని రాయండి. గుంటూరు ఎండలు మీకు చెప్పక్కర్లేదు, డిస్కుల పెట్టె కిటికీ పక్కన గానీ టీవీ నెత్తిన గానీ పెట్టకండి.

14 క్యాసెట్లూ ఒకేసారి చేయించేయకండి. ఒకటి చేసి, నాన్నగారి ప్లేయర్‌లోనే మొదటి నుంచి చివరిదాకా చూడండి. బర్నింగ్ తప్పులు సాధారణంగా డిస్క్ బయటి అంచున, అంటే చివరి నిమిషాల్లో బయటపడతాయి. మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకుంటే లాభం లేదు. అది బాగుంటే అవే సెట్టింగులతో మిగతావి.

చెల్లిగారికి డిస్క్ పంపకండి. అక్కడి ఇళ్లలో ఉండే ప్లేయర్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, సెకనుకి 29.97 ఫ్రేములు. మన ప్లేయర్లు సాధారణంగా రెండిటినీ ఆడిస్తాయి గానీ అక్కడివి చాలావరకు పాల్ డిస్క్‌ని తిప్పికొడతాయి. ఇది ఏ ప్రాంతపు డిస్క్ ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడాలనే రీజియన్ కోడ్ గొడవ కాదు, ఇంట్లో చేసిన డిస్క్‌కి రీజియన్ ఉండదు. ఎన్‌టీఎస్‌సీలోకి మార్చి పంపొచ్చు, కానీ ఫ్రేముల లెక్క మారేటప్పుడు కదలిక కొంచెం కుంటుతుంది. దానికంటే అదే ఏవీఐ నుంచి ఎంపీ4 చేసి, డీఇంటర్లేస్ చేయించి, అంటే రెండు ఫీల్డులనీ కలిపి పూర్తి ఫ్రేములుగా మార్పించి, ఆన్‌లైన్‌లో పంపేయండి. పక్కింటి అబ్బాయికి ఎంపీ4 చేయడం ఎలాగూ వచ్చు, ఈసారి అతనికి సరైన ఫైలు ఇస్తున్నారు, అంతే.

క్యాసెట్లు పారేయకండి. రైట్ చేసిన డీవీడీలోని రంగు పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, హార్డ్ డిస్క్ ఏ రోజైనా ఆగిపోవచ్చు. ఏవీఐ ఫైళ్లని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇంకో ఇంట్లో ఉంచండి. క్యాసెట్లని మొదటికి తిప్పి, పెట్టెల్లో నిలువుగా, ఇనుప బీరువాలో పొడిగా ఉన్న అరలో పెట్టండి. ఏదైనా ఫైలు పాడైందని తర్వాత తెలిస్తే మళ్లీ ఎక్కించుకోవడానికి అవే దిక్కు. ఒకరి కెమెరాలో తీసిన క్యాసెట్ ఇంకో కెమెరాలో, ముఖ్యంగా టేప్ ఎక్కువసేపు వచ్చేలా నెమ్మదిగా తిప్పే ఎల్‌పీ మోడ్‌లో తీసి ఉంటే, సరిగ్గా ఆడకపోవచ్చు. కాబట్టి 14వ క్యాసెట్ ఎక్కించి, ఫైళ్లన్నీ తెరిచి చూసుకునేదాకా బావగారి కెమెరా తిరిగి ఇవ్వకండి.